ఓటరు లిస్టు నాడు నిద్ర, పోలింగు నాడు స్టే

(సమాఖ్య వార్షికోత్సవం సందర్భంగా నార్పోలిలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్నప్పుడు మన కార్యకర్తలు ఒక్కటే అడిగారు. "అన్నా, మన సొసైటీల ఎన్నిక వస్తే చాలు, ఎవరో ఒకరు కోర్టుకు పోతం, స్టే తెస్తం అంటరు. అసలు ఎన్నిక మొదలైనంక ఆపొచ్చా, ఆపరాదా? ఆ ముచ్చట చెప్పు" అన్నారు. నేను సాంచాల మోత మధ్య పెరిగినోణ్ణే. అందుకని కోర్టు భాషలో కాకుండా మనం ఇంట్లో మాట్లాడుకునే తీరులోనే చెబుతాను.

ముందుగా మా ఇంటి సంగతి. మా పెదనాన్న ఊరు విడిచి భివండీకి వచ్చి నాలుగు సాంచాలు నడిపినోడు. నేత సొసైటీ ఒకదాంట్లో మా తాతకు షేరు ఉండేది. తాత పోయినంక ఆ షేరు మీద చందాలు కట్టింది పెదనాన్నే, మీటింగులకు పోయింది పెదనాన్నే. కానీ కాగితం మీద పేరు మాత్రం తాతదే. మార్పించాలె, మార్పించాలె అనుకుంటూ ఏళ్లు గడిచిపోయాయి. కమిటీ గడువు అయిపోయి ఎన్నిక వచ్చింది. కచ్చా ఓటరు లిస్టు సొసైటీ బోర్డు మీద అంటించిన రోజుల్లో పెదనాన్న పెళ్లికని ఊరికి పోయిండు. తిరిగొచ్చేసరికి పక్కా లిస్టు అయిపోయింది, నామినేషన్లు నడుస్తున్నాయి. నిలబడదామని ఫారం అడిగితే, "కాకా, నీ పేరే లేదు" అన్నారు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. "స్టే తెస్తా, ఎన్నికే ఆపుతా" అని పెదనాన్న పట్టుబట్టిండు. మరునాడు వకీలు దగ్గరికి పోయినం. ఆయన కాగితాలన్నీ చూసి ఒక్క మాట అన్నడు: "మీరు పది రోజుల ముందు వస్తే ఒక్క అర్జీతో అయిపోయే పని ఇది. ఇప్పుడు కోర్టుకు పోతే డబ్బులు ఖర్చవుతాయి, ఎన్నిక మాత్రం ఆగదు." ఎన్నిక ఆగలేదు. పెదనాన్న ఓటు వేయలేదు. తర్వాతి ఎన్నిక వచ్చేసరికి ఆయనే లేడు. ఆ బాధ మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. ఇంకో ఇంట్లో ఉండొద్దనే ఈ మాటలు.

వకీలు అట్లా ఎందుకన్నడు? దీనికి మూలం చాలా పాతది. 1951లో, దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరుగుతున్నప్పుడు, మద్రాసు రాష్ట్రంలోని నామక్కల్ నుంచి పొన్నుస్వామి అనే ఆయన నామినేషన్‌ను అధికారి తిరస్కరించాడు. ఆయన హైకోర్టుకు, తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లాడు. సుప్రీంకోర్టు ఏమన్నది? ఎన్నిక అంటే పోలింగు ఒక్కరోజు పని కాదు. నోటిఫికేషన్ నుంచి ఫలితం ప్రకటించేదాకా అంతా కలిపి ఒకటే ఎన్నిక. మధ్యలో ఒక్కో మెట్టు దగ్గర ఒక్కొక్కరు కోర్టుకు వచ్చి ఆపితే ఏ ఎన్నికా పూర్తి కాదు. అభ్యంతరం ఉన్నవాళ్లు ఎన్నిక ముగిశాక, చట్టం చూపిన చోట పిటిషన్ వేసుకోవాలి.

అది శాసనసభ ఎన్నిక. దానికి రాజ్యాంగంలో 329వ అధికరణం అడ్డుగోడగా ఉంది. మన సహకార సంఘాలకు ఆ అధికరణం నేరుగా వర్తించదు. అయినా కోర్టులు అదే దారిలో నడుస్తున్నాయి. మనకు బాగా దగ్గరి తీర్పు 2001లో వచ్చింది. అది మన మహారాష్ట్రదే. సంత్ సద్గురు జనార్దన్ స్వామి పేరు మీదున్న ఒక పాల ఉత్పత్తిదారుల సహకార సంస్థ, ఓటరు లిస్టు తయారీలో నియమాలు తప్పారని ఫిర్యాదు చేసింది. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. ఈలోగా పోలింగు అయిపోయింది. ఫలితాన్ని మాత్రం సుప్రీంకోర్టు తన ముందు కేసు తేలేదాకా ఆపి ఉంచింది. చివరికి ఏమైంది? అప్పీలు కొట్టేసింది. ఓటరు లిస్టు తయారీ కూడా ఎన్నికలో భాగమే అన్నది. లిస్టులో తప్పు జరిగిందని ఆరోపణ ఉన్నా హైకోర్టు ఎన్నికను మధ్యలో ఆపకూడదు, ఫలితం వచ్చాక ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చు అని తేల్చింది.

ఈ తీర్పులో మనం గుర్తు పెట్టుకోవాల్సింది ఒకటుంది. లిస్టు అంటే ఎన్నికకు ముందు జరిగే గుమాస్తా పని అని మనం అనుకుంటాం. కోర్టు దృష్టిలో ఎన్నిక అక్కడే మొదలైపోయింది. బోర్డు మీద లిస్టు అంటించిన రోజే సాంచ నడవడం మొదలైనట్టు లెక్క.

మన తెలుగు నేల నుంచి కూడా ఇట్లాంటి కేసు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికల్లో లిస్టులో లేని కొందరికి ఓటు వేసే అవకాశం ఇవ్వమని హైకోర్టు మధ్యంతర ఆదేశం ఇచ్చింది. 1996లో బొద్దుల కృష్ణయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఎన్నిక ప్రక్రియ మొదలయ్యాక మధ్యలో చెయ్యి పెట్టకూడదన్నది. చూడండి, ఇక్కడ ఎన్నిక ఆపమని కూడా కాదు, కొందరికి ఓటు ఇవ్వమన్నారు, అంతే. అది కూడా నిలవలేదు.

"మరి కోర్టుకు అధికారమే లేదా?" అని మీరు అడగొచ్చు. ఉంది. 226వ అధికరణం కింద హైకోర్టు అధికారాన్ని ఎవరూ తీసెయ్యలేదు. చట్టంలో వేరే దారి ఉన్నప్పుడు ఆ అధికారాన్ని కోర్టులు తమంతట తామే వాడకుండా ఉంటాయి. 2000లో ఎన్నికల సంఘానికి, అశోక్ కుమార్‌కు మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. ఎన్నికను ఆపే, ఆలస్యం చేసే పిటిషన్లు వద్దు. ఎన్నిక సక్రమంగా పూర్తి కావడానికి తోడ్పడేవైతే వినొచ్చు. 2023లో లడఖ్ హిల్ కౌన్సిల్ ఎన్నికలప్పుడు ఒక పార్టీకి దాని గుర్తు ఇవ్వకుండా అధికారులు మొండికేశారు. సుప్రీంకోర్టు అప్పుడు ఆ నోటిఫికేషన్‌నే కొట్టేసి, ఏడు రోజుల్లో కొత్తది ఇమ్మన్నది, లక్ష రూపాయల ఖర్చులు కూడా వేసింది. కానీ అది అధికారులు కోర్టు మాట కూడా వినకుండా అన్యాయం చేసిన అరుదైన సందర్భం. "నా పేరులో అక్షరం తప్పు పడింది" అనే కేసుకు ఆ తీర్పును చూపించి గెలుద్దామంటే కుదరదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎన్నిక ఆపలేమంటే మన హక్కు పోయినట్టు కాదు. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో తలుపు ఉంటుంది. ఆ తలుపు కొన్ని రోజులే తెరిచి ఉంటుంది. ఏది ఎప్పుడు తెరుచుకుంటుందో తెలుసుకుంటే చాలు.

మొదటి తలుపు కచ్చా ఓటరు లిస్టు. మహారాష్ట్రలో సహకార ఎన్నికలు 1960 నాటి సహకార సంఘాల చట్టం, 2014 నాటి ఎన్నికల నియమాల ప్రకారం జరుగుతాయి. వాటిని నడిపేది రాష్ట్ర సహకార ఎన్నికల ప్రాధికరణం. లిస్టు అంటించాక అభ్యంతరాలకు గడువు ఇస్తారు. ఆ గడువు నోటీసులోనే రాసి ఉంటుంది. పేరు లేకున్నా, ఇంటిపేరు మరాఠీలో తప్పు రాసినా, చనిపోయినవారి పేరు ఇంకా ఉన్నా, సభ్యుడు కానివాడి పేరు చేర్చినా ఆ గడువులోనే రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. నోటి మాట చాలదు. ఒక నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. రేపు ఫలితం మీద పిటిషన్ వేసినా మీ చేతిలో ఉండే ఆయుధం ఆ ముద్ర పడ్డ కాగితమే.

మన పేర్ల సంగతి మీకు తెలియంది కాదు. ఆధార్‌లో ఒక తీరు, రేషన్ కార్డులో ఇంకో తీరు, సొసైటీ రిజిస్టర్లో మరో తీరు. తెలుగు ఇంటిపేరు మరాఠీ గుమాస్తా చేతిలో పడి ఏమవుతుందో ఆ దేవుడికే తెలియాలి. కొందరికి ఇంటిపేరు ముందుంటుంది, కొందరికి వెనక్కి పోతుంది. లిస్టులో వెతికేటప్పుడు రెండు తీర్లా వెతకండి.

రెండో తలుపు నామినేషన్ తిరస్కరణ. పరిశీలనలో మీ నామినేషన్ కొట్టేస్తే 152ఎ సెక్షన్ కింద మూడు రోజుల్లో అప్పీలు వేయొచ్చు. పది రోజుల్లో తేల్చాలి. ఆ నిర్ణయమే ఆఖరు, దాని మీద ఇంకో అప్పీలు లేదు. మూడు రోజులంటే నిజంగా మూడే రోజులు. "ఆదివారం పెద్దమనుషులను కూర్చోబెట్టి మాట్లాడదాం" అనుకుంటే తలుపు మూసుకుంటుంది. ఇంకో సంగతి, ఈ అప్పీలు నామినేషన్ తిరస్కరించినప్పుడే. అవతలివాడి నామినేషన్ ఎందుకు ఒప్పుకున్నారని దీని కింద అడగలేం. అది ఫలితం వచ్చాక తేల్చుకోవాల్సిన సంగతి.

మూడో తలుపు ఫలితం తర్వాత. ఎన్నిక మీద వివాదాన్ని చట్టం చూపిన న్యాయస్థానం ముందు పెట్టొచ్చు. మామూలు సంఘాలకు అది 91వ సెక్షన్ కింద సహకార న్యాయస్థానం. దీనికీ గడువు ఉంది, అది ఫలితం ప్రకటించిన రోజు నుంచే లెక్క. ఫలితం వచ్చిన రోజే తేదీ రాసిపెట్టుకుని వకీలును కలవండి. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. తప్పు జరిగిందని చూపిస్తే చాలదు. ఆ తప్పు వల్ల ఫలితం మారిందని చూపించాలి. గెలిచినవాడికి నలభై ఓట్ల మెజారిటీ ఉండి, లిస్టులో జారిపోయింది మీ ఒక్క పేరే అయితే, ఆ ఎన్నిక రద్దు కావడం కష్టం. మా పెదనాన్న పరిస్థితి అదే. అందుకే మొదటి తలుపు అన్నిటికన్నా పెద్దది అంటున్నాను. అక్కడ ఒక్క మనిషి ఒక్క అర్జీతో గెలుస్తాడు. చివరి తలుపు దగ్గర ఆ ఒక్క ఓటుకు బలం ఉండదు.

మన పనిలోనూ అంతే కదా. బీము మీద పోగుల లెక్క ఎక్కించకముందే చూసుకుంటాం. తాను దిగాక చెకింగ్‌లో మచ్చ కనిపిస్తే ఆ తాను మీద లెక్క తేల్చుకుంటాం. నడుస్తున్న బీమును సగంలో కోసి కింద పడేసేవాడు మనలో ఎవడూ లేడు.

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. మనం ఆపలేం సరే, ప్రభుత్వం ఆపొచ్చా? కొంతవరకు ఆపొచ్చు. 73సిసి సెక్షన్ ప్రకారం కరువు, వరద, అగ్నిప్రమాదం, వానాకాలం, శాసనసభ, లోక్‌సభ, స్థానిక సంస్థల ఎన్నికలు, ఇట్లాంటి కారణాలున్నప్పుడు రాష్ట్ర ప్రభుత్వం సహకార ఎన్నికలను వాయిదా వేయొచ్చు. కానీ కారణం రాతపూర్వకంగా చూపాలి. ఒక్కసారికి ఆరు నెలలు మించొద్దు. పొడిగించినా మొత్తం ఏడాది దాటొద్దని ఆ సెక్షన్ చెబుతుంది. 2020 మార్చి తర్వాత కరోనా కాలంలో ఎన్నికలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డ సంగతి మనకు గుర్తే. అట్లాంటి ఉత్తర్వు వస్తే "ఎన్నిక ఆగిందట" అనే మాట విని ఊరుకోకండి. ఉత్తర్వు తెప్పించి చదవండి. ఏ దశ దాకా వచ్చిన ఎన్నికలకు అది వర్తిస్తుంది, ఏ సంఘాలకు మినహాయింపు, మళ్లీ ఎక్కడి నుంచి మొదలవుతుంది, ఇవన్నీ అందులోనే ఉంటాయి. సొసైటీ చైర్మనో సెక్రటరీయో తన ఇష్టం కొద్దీ ఎన్నిక ఆపే అధికారం ఎక్కడా లేదు.

ఎన్నిక ఆగితే లాభం ఎవరికి? ఇది మనమంతా ఆలోచించాలి. స్టే అడిగేవాడు ఎప్పుడూ అన్యాయం జరిగినవాడే కాదు. ఓడిపోతానని తెలిసినవాడు కూడా అడుగుతాడు. కుర్చీలో ఉన్నవాడు తన మనిషితో అడిగిస్తాడు. ఎన్నిక ఆగి కమిటీ గడువు తీరిపోతే ఏమవుతుంది? 77ఎ సెక్షన్ కింద రిజిస్ట్రార్ అధీకృత అధికారిని పెట్టొచ్చు. ఆయనకు నూలు ధర తెలియదు, మన పగార్ రోజు తెలియదు, మన బాధ తెలియదు. ఆయన తప్పు కాదు, ఆయన మన మనిషి కాదు, అంతే. మన సొంత ఊర్ల వైపు చూడండి. తెలంగాణలో చేనేత సహకార సంఘాల పాలకవర్గాల గడువు 2018లో ముగిసింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పర్సన్ ఇన్‌చార్జ్‌ల కిందనే నడిచాయి. నేసేవాళ్ల సంఘంలో నేసేవాళ్ల మాట లేకుండా పోయింది. ఎన్నిక ఒక్కసారి ఆగితే మళ్లీ మొదలుపెట్టడం ఎంత కష్టమో దానికంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

కొందరు యువకులు అడిగారు, "రాజ్యాంగంలోనే సహకార సంఘాల గురించి పెట్టారు కదా, దాన్ని పట్టుకుని పోలేమా?" అని. మంచి ప్రశ్న. 97వ రాజ్యాంగ సవరణ 2012 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. ఐదేళ్ల గడువు, గడువు తీరకముందే ఎన్నిక, ఇవన్నీ అందులో పెట్టారు. కానీ దాన్ని సగం రాష్ట్రాల శాసనసభలు ఆమోదించలేదు. ఆ కారణంగా, రాష్ట్రాల పరిధిలోని సంఘాలకు ఆ భాగం చెల్లదని 2021 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఒకటి కంటే ఎక్కువ రాష్ట్రాల్లో పనిచేసే సంఘాలకు మాత్రం ఉంచింది. కాబట్టి భివండీలో రిజిస్టర్ అయిన మన నేత సొసైటీకి, పత్‌సంస్థకు పట్టుకొమ్మ మహారాష్ట్ర చట్టమే. మల్టీస్టేట్ సంఘంలో సభ్యులైనవాళ్లకు కేంద్ర చట్టం వర్తిస్తుంది. 2023 సవరణతో వాటికి వేరే ఎన్నికల ప్రాధికరణం వచ్చింది. మీ సొసైటీ ఏ చట్టం కింద రిజిస్టర్ అయిందో ముందు పాస్‌బుక్ మీద చూసుకోండి. ఇక బిల్డింగ్ సొసైటీల్లో ఉన్నవాళ్లు, 250 మంది లోపు సభ్యులుంటే చట్టం మీకు మీ ఎన్నిక మీరే జరుపుకునే వెసులుబాటు ఇచ్చింది. వెసులుబాటు అంటే నియమం లేదని కాదు. లిస్టు, నోటీసు, గడువు అక్కడ కూడా పద్ధతిగా జరగాలి.

కమిటీల్లో ఉన్న పెద్దలకు ఒక విన్నపం. మీ గడువు తీరబోతోందని ఎన్నికల ప్రాధికరణానికి ముందుగా తెలపడం మీ బాధ్యత. తెలపకపోతే గడువు తీరిన రోజుతో మీ పదవీ పోతుంది, సంఘం అధీకృత అధికారి చేతికీ పోతుంది. లిస్టును మరాఠీలో అంటించి వదిలెయ్యకండి. పక్కన తెలుగులో ఒక కాగితం పెట్టండి. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టండి. ఊరికి పోయినోళ్లకు ఫోను చేయండి. చనిపోయినవారి షేర్లు వారసుల పేరు మీదికి మార్చడానికి ఏటా ఒక రోజు పెట్టండి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. మా పెదనాన్న విషయంలో ఇందులో ఒక్కటి జరిగినా ఆయన ఓటు వేసేవాడు.

అక్కచెల్లెళ్లకు ఒక మాట. షేరు ఇంటాయన పేరు మీదుంటే నామినీగా మీ పేరు ఉందో లేదో ఈ రోజే ఇంటికి పోయి చూడండి. ఇంట్లో బీడీలు చుట్టి, కండెలు చుట్టి కట్టిన చందా అది. ఆయన తర్వాత ఆ ఓటు మీది కావాలంటే కాగితం ఇప్పుడే సరి చేసుకోవాలి.

చివరగా మన సమాఖ్యకు ఒక సూచన. ఏ సొసైటీకి ఎన్నిక వచ్చినా లిస్టు అంటించిన నాటి నుంచి అభ్యంతరాల గడువు ముగిసేదాకా సాయంత్రం పూట ఇద్దరు చదువుకున్న పిల్లలను ఇక్కడ కూర్చోబెడదాం. ఎవరు వచ్చినా పేరు వెతికి పెట్టాలి, లేకపోతే అక్కడికక్కడే అర్జీ రాసివ్వాలి. కోర్టు చుట్టూ తిరిగే డబ్బులో పదో వంతు కూడా దీనికి కాదు.

ఎన్నికలో గెలుపోటములు ఉంటాయి. ఇవాళ ఓడినవాడు ఐదేళ్లకు గెలుస్తాడు. కానీ ఎన్నికే జరగని సంఘంలో అందరం ఓడినట్టే. కాబట్టి కొట్లాడాల్సిన చోట, కొట్లాడాల్సిన రోజున కొట్లాడుదాం. ఆ రోజు లిస్టు అంటించిన రోజు.